తిరిగి అడిగిన ఏడు కండువాలు

ఆ రోజు బందరు సభలో వేదిక మీదున్న ఏడుగురికీ కండువాలు కప్పించింది నేనే. ఆ కండువాల మీది బొమ్మ ఎవరిదో తెలిసి కూడా, ఆమెను ఒక్క మాట అడగకుండా అచ్చు వేయించిందీ నేనే. మంచి ఉద్దేశంతోనే చేశానని అప్పట్లో అందరికీ చెప్పుకున్నాను. ఉద్దేశం మంచిదే. కానీ అడగలేదు. ఈ ప్రయాణం గురించి రాద్దామని కూర్చుంటే, ముందు ఆ సంగతి ఒప్పుకోకుండా మిగతాది రాయబుద్ధి కావడం లేదు.

నేను అనంతపురం జిల్లాలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. 1999 ఫిబ్రవరిలో, విజయవాడ మిత్రులు నడిపే ఒక చిన్న సంఘం నుంచి కబురొచ్చింది. తూర్పు తిమోర్ నుంచి మరియా గారని ఒకావిడ వస్తున్నారు, కృష్ణా జిల్లాలో వారం రోజులు తిప్పాలి, ఆమె ఇంగ్లీషులో చెప్పేది జనానికి తెలుగులో చెప్పాలి అని. తూర్పు తిమోర్ అంటే అప్పటికి నాకూ అట్లాసు ముందు పెట్టుకుంటే తప్ప దొరకని చోటు. వందల ఏళ్లు పోర్చుగీసు వాళ్ల కింద ఉంది. వాళ్లు పూర్తిగా వదిలి వెళ్లకముందే 1975లో ఇండోనేషియా సైన్యం దిగింది. ఆ ఆక్రమణ చెల్లదని ఐక్యరాజ్యసమితి అప్పుడే చెప్పింది, చెప్పి ఊరుకుంది. ఇన్నేళ్లకు నలుమూలల నుంచీ ఒత్తిడి పెరిగి, ఎవరి పాలనలో ఉంటారో అక్కడి జనాన్నే అడుగుదామన్న మాట బయటికొచ్చింది. ఆ మాట గాలికి పోకుండా, ఐక్యరాజ్యసమితే దగ్గరుండి ఓటు పెట్టించాలని దేశదేశాల్లో సంతకాలు సేకరిస్తున్నారు. మరియా గారు వచ్చింది ఆ పనికే.

గుడివాడ

విజయవాడలో బస్సెక్కితే కంకిపాడు దాటాక ఇక ఎటు చూసినా చదునే. మా వైపు కొండ కనిపించకుండా పది మైళ్లు వెళ్లలేం. ఇక్కడ కొండ అన్నది పిల్లలకు పుస్తకంలో చూపించాలి. వరి కోసిన మళ్లల్లో మినుము పచ్చగా అల్లుకుని ఉంది. మధ్య మధ్య గడ్డివాములు. మరియా గారు కిటికీ పక్కన కూర్చుని, కాలువ కనిపించినప్పుడల్లా "ఇన్ని నీళ్లు ఎవరివి?" అని అడిగారు. రైతులవే అన్నాను. సమాధానం అంత తేలిక కాదని పక్క సీటు పెద్దాయన నవ్వాడు.

మరియా గారికి నలభై ఉంటాయి. పొట్టిగా, చామనఛాయలో, చీర కట్టుకుంటే మా మండలంలో ఏ ఊరి ఆవిడో అనుకునేలా ఉన్నారు. నర్సు పని నేర్చుకుని పదేళ్లుగా పరదేశంలో బతుకుతున్నారు. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచీ.

గుడివాడ బస్టాండు ఎదుట ఇడ్లీ ప్లేటు నాలుగు రూపాయలు. ఇడ్లీల మీద కారప్పొడి, దాని మీద నెయ్యి అడక్కుండానే పోశాడు. హోటలాయన మరియా గారిని చూసి నన్నడిగాడు.

"ఆవిడ ఎవరి తాలూకండీ?"

మా వైపు కొత్త మనిషిని "ఏ ఊరప్పా" అని అడుగుతారు. ఇక్కడ ఎవరి తాలూకా అని అడుగుతారు. నేనది ఇంగ్లీషులో చెబితే ఆమె, "అదే కదా మేం తేల్చుకోవాల్సింది" అన్నారు. హోటలాయనకు మాత్రం, చాలా దూరం నుంచి వచ్చారన్నాను. ఆయన ఇంకో గరిటె నెయ్యి పోశాడు.

సాయంత్రం ఒక కాలేజీ హాల్లో సభ. ఆమె మాటలు పొట్టిగా, నెమ్మదిగా ఉన్నాయి. "మా ఊళ్లో ఎనిమిది ఇళ్లు ఉండేవి. ఇప్పుడు మూడు ఉన్నాయి." అంతే అన్నారు. నేను ఊరుకోలేదు. మంటలు, ఏడుపులు, తల్లుల శోకం, అన్నీ కలిపాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వందకు పైగా సంతకాలు వచ్చాయి. చివర్లో ఆమె సంచీలోంచి ఒక నేత గుడ్డ తీసి విప్పి చూపించారు. ముదురు ఎరుపు మీద నల్లటి మెలికలు, ఆ మెలికల మధ్య చిన్న మొసలి. "ఇది మా అమ్మ నేసింది" అని మడిచి లోపల పెట్టుకున్నారు.

బయటికొచ్చాక అడిగారు. "నేను రెండు మాటలంటే మీరు రెండు నిమిషాలు మాట్లాడారేం?"

"తెలుగులో అంతే అవుతుందండీ" అన్నాను. నా జీవితంలో ఆడిన అబద్ధాల్లో ఇది చిన్నది. పెద్దది దీని వెనకే వస్తోందని నాకు తెలియదు. ఆ గుడ్డ వాళ్లమ్మ ఎందుకు నేసిందో కూడా నేను అడగలేదు.

పెడన

మర్నాడు పాసింజరు బండిలో గుడ్లవల్లేరు మీదుగా పెడన వెళ్లాం. స్టేషన్లో దిగగానే మగ్గాల చప్పుడు. మేం దిగింది కలంకారీ అద్దకం చేసే నరసయ్య గారింట్లో. మా సంఘానికి పాత మిత్రుడు. ఎదురుగా బల్లల మీద గోనెపట్టాలు పరిచి, కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేసిన పసుపుపచ్చ గుడ్డ మీద మనుషులు వరసగా నిలబడి అచ్చులు కొడుతున్నారు. అచ్చు పెట్టడం, అరచేత్తో ఒక దెబ్బ, తీయడం. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు కరక్కాయ గుడ్డకు తగిలితే చాలు, చూస్తుండగానే నల్లగా మారుతుంది.

లోపల గోడ పొడవునా అలమార. దాన్నిండా టేకు అచ్చులు. తాతల నాటివి కూడా ఒక్కటి పారేయలేదట.

"ఇవన్నీ ఎవరి బొమ్మలండీ?" అన్నాను.

"ఎవరడిగితే వాళ్లవండీ మాస్టారూ. పెర్షియా వాళ్లడిగితే వాళ్ల చెట్టు. హాలెండు వాళ్లడిగితే వాళ్ల పువ్వు. శాంపిలు తెస్తారు, మేం అచ్చు చెక్కిస్తాం. అదే మా బతుకు." అంతలోనే గొంతు మారింది. "ఇప్పుడు మా గీతలే ఎక్కడెక్కడి వాళ్లో స్క్రీన్ ప్రింటింగులో కొట్టి సగం ధరకి అమ్ముతున్నారండీ. సిగ్గుండాలి."

నేనూ తల ఊపి సిగ్గుండాలన్నాను.

భోజనాలు అయ్యాయి. ములక్కాడ పులుసు, గోంగూర, గడ్డ పెరుగు. మా ఇంట్లో మజ్జిగన్నంతో ముగిస్తాం. ఇక్కడ పెరుగు విస్తరిలో కదలకుండా కూర్చుంది. నరసయ్య గారి ఇంట్లో ఆడవాళ్లు మరియా గారిని మగ్గాలు చూపిస్తామని తీసుకెళ్లారు. వెళ్తూ ఆమె సంచీ నా చేతికిచ్చారు. చూసుకోమని.

నేను తెరిచి చూశాను. చూసి నరసయ్య గారికి చూపించాను.

ఆయన గుడ్డను వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. "ఏం గీతండీ! దీన్ని అచ్చేస్తేనా..."

అక్కడే నాకు ఆలోచన వచ్చింది. ఎల్లుండి బందరులో పెద్ద సభ. మన దగ్గర సభ అంటే కండువా కప్పాల్సిందే. బజారులో కొన్న జరీ కండువా బదులు, వాళ్లమ్మ బొమ్మతోనే కండువాలు కప్పితే? ఆమె ఆశ్చర్యపోతుంది. ఊరు ఊరంతా ఆమె వెనక నిలబడినట్టు ఉంటుంది. నరసయ్య గారితో అంటే వెంటనే అచ్చు చెక్కే ఆయన్ని పిలిపించాడు. ఆయన గుడ్డ మీద పల్చటి కాగితం పరిచి బొమ్మ ఎక్కించుకున్నాడు. పావుగంట కూడా పట్టలేదు. గుడ్డ మళ్లీ ఎలా ఉన్నది అలా మడిచి సంచీలో పెట్టేశాను. మడతలు సరిగ్గా కుదిరాయో లేదో రెండుసార్లు చూశాను. చేసేది మంచి పనే అయితే మడతల గురించి అంత జాగ్రత్త ఎందుకు పడ్డానో అప్పుడు ఆలోచించలేదు.

బందరు

మచిలీపట్నాన్ని ఇక్కడెవరూ మచిలీపట్నం అనరు. రిక్షా ఆయన పది రూపాయలకు ఊరంతా చూపిస్తూ పేర్లు చెప్పాడు. ఇంగ్లీషుపాలెం. వలందపాలెం, అంటే హాలెండు వాళ్లది. పరాసుపేట, ఫ్రెంచి వాళ్లది.

"అందరూ ఒకేసారి వచ్చారా?" అని మరియా గారు అడిగారు.

"ఒకళ్ల తర్వాత ఒకళ్లండీ. ఒకళ్లని ఒకళ్లు తన్నుకున్నారు కూడా. మనల్ని మాత్రం ఎవరూ అడగలేదు" అన్నాడు రిక్షా ఆయన. ఈసారి ఉన్నదున్నట్టే చెప్పాను. ఆమె పగలబడి నవ్వారు. ఆ నవ్వు నేను చూసింది అదే మొదలు. బందరు లడ్డూ నోట్లో వేసుకుని, తమ దగ్గర వీధులకు కూడా ఇప్పటికీ పోర్చుగీసు పేర్లేనని చెప్పారు.

సాయంత్రం సభ. హాలు నిండింది. అధ్యక్షులు రిటైరైన ఒక ప్లీడరు గారు. వేదిక మీద ఆయన, ఒక డాక్టరు గారు, ఒక లెక్చరరు అమ్మగారు, గుడివాడ నుంచి రైసుమిల్లు ఓనరు, కృత్తివెన్ను నుంచి రొయ్యల చెరువుల రైతు, మరియా గారు, నేను. కుర్చీలు, మైకు ఖర్చు పెట్టుకున్నది మిల్లు ఓనరు, రొయ్యల రైతు ఇద్దరే. మనకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నాళ్లు పరాసుపేటలో ఫ్రెంచి వాళ్ల జాగా ఉండేదని ప్లీడరు గారు చక్కగా చెప్పారు. తర్వాత నరసయ్య గారు పళ్లెంలో కండువాలు తెచ్చాడు. ఎర్రటి గుడ్డ, రెండు అంచుల్లో నల్లటి మెలికలు, మధ్యలో మొసలి. ఒక్కొక్కరికీ కప్పుతున్నారు, జనం చప్పట్లు కొడుతున్నారు. నేను మరియా గారి ముఖమే చూస్తున్నాను, సంతోషం ఎప్పుడు వస్తుందా అని.

ఆమె ముందు గుర్తుపట్టలేదు. ప్లీడరు గారి భుజం వైపు వంగి చూశారు. తర్వాత డాక్టరు గారి భుజం. తర్వాత తన భుజం మీది గుడ్డను రెండు చేతులతో తీసి, మడిచి, బల్ల మీద పెట్టి, సంచీని ఒళ్లోకి లాక్కున్నారు. మాట్లాడమని పిలిస్తే లేచి నిలబడి ఒకటే అన్నారు. "పిలిచినందుకు థాంక్స్. ఈ రోజు నేను మాట్లాడలేను."

ఆవిడకు జ్వరంగా ఉందని తెలుగులో చెప్పాను. అదీ నేను కలిపిందే.

లాడ్జి వరండాలో ఆమె కూర్చోలేదు. "నా సంచీ మీకెందుకిచ్చాను?"

"చూసుకోమని."

"నన్నెందుకు అడగలేదు?"

"మీరు వద్దంటారని అనుకోలేదు."

"అనుకుంది మీరు" అన్నారామె. "మేం సంతోషంగా ఉన్నామని ఇరవై ఏళ్లకు పైగా ఇండోనేషియా వాళ్లూ అనుకుంటున్నారు." కోపంగా అనలేదు. అలసిపోయి అన్నారు. మర్నాడు తిరిగి విజయవాడ వెళ్లిపోతానన్నారు. నేను క్షమించమన్నాను. ఆమె క్షమించాననలేదు. పొద్దున్న టీ దగ్గర మాత్రం, దివిసీమలో వస్తామని మాటిచ్చాం కాబట్టి వెళ్దామన్నారు. ఒక షరతు పెట్టారు. "నేను ఎంత చెబితే మీరు అంతే చెప్పాలి."

దివిసీమ

చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ, అక్కడి నుంచి కోడూరు మీదుగా సముద్రం వైపు. రోడ్డు సన్నబడుతూ వెళ్లి చివరికి ఇసుకలో కలిసింది. అది చేపలు పట్టేవాళ్ల ఊరు. పచ్చి చేపల పులుసుతో అన్నం పెట్టారు. డబ్బు ఇవ్వబోతే తిట్టారు. మా వైపు అతిథికి పెట్టేది జొన్నరొట్టె, ఎర్రకారం. ఇక్కడ మూడు రకాల చేప. కానీ తినేదాకా వదలని పట్టుదల మాత్రం రెండు చోట్లా ఒకటే.

నాగమ్మ గారికి డెబ్బై దగ్గర పడ్డాయి. 1977 ఉప్పెనలో ఇంటిల్లిపాదిలో ఆవిడా, ఒక కూతురూ మిగిలారు. తాటిచెట్టును పట్టుకుని బతికారు. ఆవిడ ఇంటి ముందరే అందరూ చేరారు. ఇంటి ముందర అంటే అసలు వాకిలి వైపు కాదు. అసలు వాకిలికి అడ్డంగా వలలు, తెడ్లు పేర్చి ఉన్నాయి. వెనక గోడకు కన్నం కొట్టి పెట్టుకున్న తలుపులోంచి మేం లోపలికి వెళ్లాం.

"ఇదేంటమ్మా ఇలా ఉంది?" అన్నాను.

"ఉప్పెన తర్వాత ఎవరో పెద్దోళ్లు కట్టిచ్చారు బాబూ. మంచోళ్లే. ఎక్కడి నుంచో వచ్చి ఇటికలు, సిమెంటు అన్నీ తెచ్చారు. వాకిలి మాత్రం సముద్రం వైపు పెట్టారు, గాలి బాగా వస్తదని." ఆవిడ నవ్వింది. "వచ్చింది ఆ వైపు నుంచే కదా బాబూ నీళ్లు? తలుపు తీస్తే అదే కనిపిస్తది. మొదటి ఏడాది నిద్దరే లేదు. ఒక్క మాట అడిగుంటే ఇటుపక్క పెట్టమనేవాళ్లం. అడగలేదు. మేమూ చెప్పలేదు. పెట్టేవాళ్లకి పేర్లు పెడతామా?"

నేను ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. మరియా గారు లేచి వెళ్లి, ఆ వలల వెనక మూసిన తలుపు మీద చెయ్యి వేసి చూసి వచ్చారు. నా వైపు చూడలేదు. చూడకపోయినా నాకు తెలిసింది.

తర్వాత ఆమె సంచీ తెరిచి గుడ్డ తీశారు. "మా ఇంట్లో ఎవరైనా పోతే కప్పడానికి ఈ బొమ్మ నేస్తారు. మా ఇంటి ఆడవాళ్లే నేస్తారు. ఇది మా అన్న కోసం అమ్మ నేసింది. అన్నను సైనికులు తీసుకెళ్లారు. శవం దొరకలేదు. నేను దేశం వదిలేటప్పుడు అమ్మ ఇది ఇచ్చి, వెళ్లిన ప్రతిచోటా చూపించమంది. ఎవరికైనా ఏమైనా తెలుస్తుందేమోనని. ఇది చూపించడానికి తెచ్చాను. కప్పడానికి కాదు."

ఈ మాటలు తెలుగులో చెప్పింది నేనే.  ఏడుగురు బతికున్న మనుషుల భుజాల మీద నేను కప్పించింది ఏమిటో, నా నోటితో నేనే చెబుతున్నాను.

నాగమ్మ గారు ఆ గుడ్డను ముట్టుకోలేదు. దగ్గరికి జరిగి కూర్చుంది. "మా ఆయనదీ దొరకలేదు తల్లీ. పిల్లలవీ. ఎవరెవర్ని ఎక్కడ పూడ్చారో ఎవరికీ తెలీదు. ఇట్టాంటి గుడ్డ ఒకటి ఉన్నా బాగుండు, కప్పినట్టు ఉండేది."

 ఆ ఊళ్లో సంతకాల కంటే వేలిముద్రలే ఎక్కువ వచ్చాయి. ఎందుకు వేస్తున్నారో అడిగి మరీ వేశారు. "వాళ్లనడిగి చేయమనే కదా? అయితే వేస్తాను" అంది నాగమ్మ గారు.

సాయంత్రం మరియా గారు నన్ను పిలిచారు. "ఆ కండువాలు ఎక్కడున్నాయి?"

"ఎవరివి వాళ్లు ఇళ్లకు తీసుకెళ్లారు."

"అవి నాకు వెనక్కి కావాలి. అచ్చు కూడా." ఎల్లుండి సాయంత్రం విజయవాడలో ఆమె రైలు. అంతవరకు నాగమ్మ గారింట్లోనే ఉంటానన్నారు.

కృత్తివెన్ను దాకా

సన్మానంలో కప్పిన కండువాను తిరిగి అడగడం ఎలాంటి పనో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. పెళ్లిలో పెట్టిన విస్తరి లాగేసుకోవడం అంతకంటే మర్యాద. నాదీ, మరియా గారిదీ నా దగ్గరే ఉన్నాయి. ఇక ఐదు.

ప్లీడరు గారు వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నారు. విషయం సగం వినగానే చేతిలో పేపరు కింద పెట్టారు. "అంటే సన్మానం రద్దా? నలభై ఏళ్ల ప్రాక్టీసులో చాలా రద్దులు చూశాను కానీ ఇది కొత్తండీ."

మిగతా సగం చెప్పాను. నేను అడగకుండా చేశానని, జ్వరమన్నది అబద్ధమని కూడా. ఆయన లేచి లోపలికి వెళ్లి, బీరువాలోంచి తెచ్చి, రెండు చేతులతో ఇచ్చారు. "ఆవిడ సభలో ఆ మాట అని ఉంటే అక్కడే తీసేసేవాళ్లం కదా! ఆవిడ మన పరువు కాపాడిందయ్యా" అన్నారు. డాక్టరు గారు, లెక్చరరు అమ్మగారు మారు మాట లేకుండా ఇచ్చేశారు. 

మధ్యాహ్నం బస్సులో కృత్తివెన్ను. రోడ్డుకు రెండు వైపులా నీళ్లే. చెరువుల మీద ఎండ అద్దంలా మెరుస్తోంది. రొయ్యల రైతు చెరువు నడుమ చిన్న పడవలో మేత చల్లుతున్నాడు. నెత్తికి ఎర్రటి తలపాగా. దూరం నుంచే నల్లటి మెలికలు గుర్తుపట్టాను. గట్టు మీద నిలబడి పిలిస్తే, "వస్తున్నా మాస్టారూ, ఈ మూల అయిపోవాలి. రొయ్యలు సన్మానాలకి ఆగవు" అని అరిచాడు. ముప్పావుగంట ఎండలో నిలబడ్డాను. ఆ శిక్ష నాకు ఇష్టంగానే ఉంది.

విషయం విన్నాక అతను గబుక్కున తలపాగా లాగేశాడు. "ఓర్నాయనో! పోయినోళ్లకి కప్పేది నా నెత్తిన చుట్టించారా! రొయ్యకి ఏదన్నా రోగం తగిలితే మీదే పూచీ." కేకలేశాడు. తర్వాత అదే నోటితో, "ఆవిడ సొంత అన్నదా? పాపం" అన్నాడు. చెమటతో ఉన్నది ఇవ్వకూడదని, బోరు దగ్గర తనే ఉతికి, గట్టు మీద ఆరేసి, రెండు కొసలూ పట్టుకుని కూర్చున్నాడు, గాలికి ఎగిరిపోకుండా. అది ఆరేదాకా నేను పక్కన కూర్చున్నాను. కొబ్బరిబోండాం కొట్టించాడు. డబ్బు తీసుకోలేదు.

గుడివాడ మిల్లు ఓనరు కండువా కారు వెనక అద్దం దగ్గర మడతపెట్టి ఉంది. "కప్పిన కండువా వెనక్కి అడిగే మనిషిని ఇప్పుడే చూస్తున్నానండీ. మీ సీమలో ఇలాగేనా?" అన్నాడు.

"మా సీమ తప్పేం లేదండీ. నాదే" అన్నాను. ఆయన ఇచ్చాడు. బస్టాండు దాకా కారులో దింపాడు కూడా.

మళ్లీ పెడన

అన్నింటికంటే కష్టమైంది నరసయ్య గారి దగ్గరే. కండువాలు సరే, అచ్చు అనేసరికి ఆయన ముఖం ముడుచుకుంది. "అచ్చు ఇల్లు దాటి వెళ్లదండీ. మా తాత ఇవ్వలేదు, మా నాన్న ఇవ్వలేదు. ఈ అలమారలో ఎన్ని దేశాల గీతలున్నాయి! ఒక్కడైనా తిరిగి అడిగాడా?"

 మరియా గారి అన్న సంగతి చెప్పాను. ఆయన విని, చేతికంటిన నలుపు తుడుచుకుంటూ చాలాసేపు అలమార వైపు చూశాడు.

"స్క్రీన్లోళ్లని రోజూ తిడతానండీ నేను" అన్నాడు చివరికి. "ఆవిడ నన్ను తిట్టనేలేదు."

అచ్చు తీసి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. నేను గేటు దాటాక మళ్లీ పిలిచాడు. అచ్చు చెక్కిన ఆయన గీతలు దాచుకునే పుస్తకంలోంచి, బొమ్మ ఎక్కించుకున్న ఆ పల్చటి కాగితం కూడా తీసి తెచ్చి చేతిలో పెట్టాడు.

విజయవాడ ప్లాట్‌ఫారం మీద ఏడు కండువాలు, అచ్చు, కాగితం మరియా గారి ముందు పెట్టాను. ఈసారి అడిగాను. "వీటిని ఏం చేయమంటారు?"

ఆమె ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు ముట్టుకున్నారు. "నాకు తెలియదు. అమ్మనడగాలి. అమ్మ అక్కడుంది, నేను వెళ్లలేను. అడిగేదాకా మీ దగ్గరుంచండి. ఎవరికీ ఇవ్వొద్దు. కాల్చొద్దు."

రైలు కదులుతుండగా చెయ్యి ఊపారు. క్షమించారో లేదో నాకిప్పటికీ తెలియదు. అడగలేదు. అది మాత్రం అడగాల్సిన ప్రశ్న కాదనిపించింది.

మూడేళ్లకు

మా ఇంట్లో ఒక రేకుపెట్టెలో అవి మూడేళ్లున్నాయి. 1999 ఆగస్టు చివర్లోనే అక్కడ ఐక్యరాజ్యసమితి ఓటు పెట్టించింది. జనం తమ దేశం తమకు కావాలన్నారు. వెంటనే ఇండోనేషియా సైన్యం అండ ఉన్న ముఠాలు ఊళ్లకు ఊళ్లు తగలబెట్టాయని పేపర్లో చదివాను. అప్పుడు రోజూ పెట్టె వైపు చూసేవాణ్ని, తెరవకుండా. 2002లో వాళ్ల జెండా ఎగిరింది. ఆ వానాకాలం మరియా గారి ఉత్తరం వచ్చింది.

"అమ్మ బతికే ఉంది. ఇల్లు లేదు. అన్న సంగతి తెలియలేదు. మీ దగ్గరున్న వాటి గురించి అమ్మనడిగాను. ఆ ముసలావిడకు ఒకటి ఇవ్వమంది, ఆమెకు ఇంకా కావాలంటేనే. మిగతావి, అచ్చు, కాగితం నాకు పంపండి. ఏం చేయాలో మేం చూసుకుంటాం."

నేను మళ్లీ దివిసీమ వెళ్లాను. నాగమ్మ గారు వెనక తలుపు దగ్గరే కూర్చుని ఉంది. చూపు తగ్గింది, గొంతు గుర్తుపట్టింది. ఉత్తరం చదివి వినిపించాను. "అమ్మా, ఇంకా కావాలా, వద్దా? వద్దంటే పంపేస్తాను" అన్నాను.

ఆవిడ సముద్రం వైపు చెవి పెట్టింది. "అంత దూరం నుంచి నన్నడిగిందా వాళ్లమ్మ?" అంది. "అడిగింది కదా. ఇవ్వు బాబూ."

మిగతా ఆరూ, అచ్చూ, కాగితం బందరులో ఒక పోస్టాఫీసులో పార్శిలు కట్టించాను. కౌంటరులో కుర్రాయన దేశాల జాబితా పైనుంచి కిందకీ, కిందనుంచి పైకీ చూశాడు. "ఈ పేరు ఇందులో లేదండీ. ఇదివరకు ఇండోనేషియా కిందే కదా? అలాగే రాసేద్దామా? చేరిపోద్ది."

"వద్దండీ" అన్నాను. "ఆ పేరే రాయాలి."

"అయితే పైవాళ్లని కనుక్కోవాలి. టైం పడుతుంది."

ఫరవాలేదు, ఉంటానన్నాను. పార్శిలు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. భోజనం వేళ దాటాక ఆయన పిలిచాడు. నేను పెన్ను తీసి, తూర్పు తిమోర్ అని పెద్ద అక్షరాలతో, ఇంగ్లీషులో, ఆయన చూస్తుండగా రాశాను.